అమ్మ మా కుక్కకు పెట్టిన పేరు

మా కుక్క పేరు చెప్పను. ఆ పేరుగల మనిషి ఇంకా బతికే ఉన్నాడు. మా వీధిలోనే, మాకు నాలుగిళ్ళ అవతల. కుక్క పోయి మూడు నెలలైంది, మనిషి మాత్రం నిక్షేపంగా ఉన్నాడు. రోజూ పొద్దున్నే ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా వేసుకుని టీకొట్టు దాకా నడిచి వస్తాడు. నాకు చిన్నప్పుడు లెక్కలు చెప్పిన మాస్టారాయన. రిటైరయ్యాక మా చర్చి సంఘానికి కార్యదర్శి అయ్యాడు. అన్నిటికన్నా ముందు మా నాన్నకు చిన్ననాటి స్నేహితుడు. అలాంటి పెద్దమనిషి పేరు కుక్కకు ఎందుకు పెట్టాల్సి వచ్చిందో చెప్పకుండా కుక్క గురించి చెప్పడం నా వల్ల కాదు.

అమ్మ మిరపకోతల ముఠాకు మేస్త్రి. కోతల రోజుల్లో ముప్పై మంది ఆడవాళ్ళను వెంటేసుకుని, తెలతెలవారుతుండగానే చేలో దిగేది. ఈ చివర గట్టు మీద నిలబడి, ఆ చివర సాలులో కబుర్లు చెప్పుకుంటున్న మనిషిని పేరు పెట్టి పిలిచిందంటే, పక్క చేలో పత్తి తీస్తున్నవాళ్ళ చేతులు కూడా చురుగ్గా ఆడేవి. వాళ్ళకూ అమ్మకూ సంబంధమే లేదు. మేస్త్రికి గొంతే పనిముట్టు. కొడవలి అయితే పని కాగానే చూరులో దోపొచ్చు, గొంతును ఎక్కడ దోపుతారు? ఇంట్లో నాన్నను మంచినీళ్ళు అడిగినా ఊళ్ళో చాటింపు వేసినట్టే ఉండేది. నేను కాలేజీలో చదివే రోజుల్లో స్నేహితురాళ్ళను ఇంటికి తీసుకురావడం మానేశాను. తర్వాత పెళ్ళి చేసుకుని, అది చాలించుకుని, పక్క ఊరి బడిలో టీచరుగా చేరి మళ్ళీ ఈ ఇంటికే వచ్చేసరికి ఆ గొంతు ఇంకో మెట్టు పైకెక్కి ఉంది.

అదే గొంతుతో ఆదివారం చర్చిలో పాడేది. కీబోర్డు ఏ శ్రుతిలో ఉన్నా అమ్మకు పట్టేది కాదు. శ్రుతే అమ్మ వెనకాల పరిగెత్తుకుంటూ రావాలి.

పదమూడేళ్ళ కిందట, క్రిస్మస్ పాటల ప్రాక్టీసులో, మాస్టారు పాట మధ్యలో చెయ్యెత్తి ఆపించారు. మైకు ఆన్‌లోనే ఉంది. అమ్మ వైపు తిరిగి, "సహోదరీ, దేవుడికి చెవుడు లేదు. కాస్త తగ్గించి పాడండి" అన్నారు.

అందరూ నవ్వారు. చిన్న చర్చి, పైన రేకులు, నవ్వు ఎక్కడికీ పోదు. నేను రెండో వరసలో ఉన్నాను. నేనూ నవ్వాను. ఈ ముక్క ముందే చెప్పేస్తే మంచిది. పక్కవాళ్ళు నవ్వారు కాబట్టి నవ్వానని చెప్పుకోవచ్చుగానీ అది అబద్ధం. నిజంగానే నవ్వొచ్చింది. నవ్వుతూ వెనక్కి తిరిగి చూస్తే అమ్మ నన్నే చూస్తోంది.

పాటల పుస్తకం మూసి చంకలో పెట్టుకుని అమ్మ వెనక వరసకు వెళ్ళి కూర్చుంది. ఆ తర్వాత చర్చిలో పాడలేదు. ఆ క్రిస్మస్‌కు పాడలేదు, ఆ మీద వచ్చిన ఏ క్రిస్మస్‌కూ పాడలేదు. ఒక్క ఆదివారం మానకుండా వచ్చేది, చెప్పులు విడిచే గుమ్మం పక్కన కూర్చునేది, అందరూ పాడుతుంటే పెదాలు బిగించుకుని సూటిగా ముందుకు చూసేది. ముందు మాస్టారి వీపు ఉండేది.

పండగ వెళ్ళిన పదిహేను రోజులకు, పెదకాకానిలో చుట్టాలింటికి వెళ్ళిన అమ్మ కూరగాయల సంచిలో కుక్కపిల్లను పెట్టుకుని బస్సులో దిగింది. గోధుమరంగుది, గుప్పెడంత ఉంది, సంచిలో ఉన్న వంకాయలన్నీ కొరికిపెట్టింది. అన్నం తింటున్న నాన్న, దీనికి ఏం పేరు పెడదామని అడిగాడు. అమ్మ మాస్టారి పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా. నాన్న ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

అత్త మీద కోపం దుత్త మీద చూపించేవాళ్ళను చూశాం. అమ్మ దుత్తకు అత్త పేరే పెట్టేసింది. ఇక రోజూ పొద్దున, మాస్టారు టీకొట్టుకు బయల్దేరే వేళకు, మా గేటు దగ్గర కుక్కకు క్లాసు మొదలయ్యేది. పేరు పెట్టి పిలిచి, "తిండికి ముందుంటావు, పనికి వెనకుంటావు. ఊరికి బుద్ధులు చెప్పటానికి మాత్రం పుట్టావురా. నీ బతుక్కి ఒక తెల్లచొక్కా తక్కువైంది" అనేది. కుక్క తోకాడిస్తూ వినేది. వీధిలో వాళ్ళు పళ్ళు తోముకోవడం ఆపి వినేవాళ్ళు. మాస్టారు తల తిప్పకుండా, నడక వేగం మార్చకుండా వెళ్ళిపోయేవారు. ఏమని అడుగుతాడు? మీ కుక్కను తిట్టకండి అని అడగాలా?

మాస్టారు మా ఇంటి గడప తొక్కడం మానేశారు. నాన్నా ఆయనా ఒకే కంచం ఒకే మంచం అన్నట్టు పెరిగినవాళ్ళు. చర్చి గుమ్మంలో ఎదురుపడితే "వందనాలండి" అంటే "వందనాలండి" అనుకోవడం మొదలుపెట్టారు. ఏరా అంటే ఏరా అనుకునే ఇద్దరు మగవాళ్ళు అండీ అని పిలుచుకోవడం నేను చూసిన దరిద్రాల్లో ఒకటి. నాన్న అమ్మను ఏమీ అనలేకపోయాడు. కుక్కను పేరు పెట్టి పిలవనూ లేకపోయాడు. "ఇదిగో" అని పిలిచేవాడు. చిక్కేమిటంటే అమ్మనూ అలాగే పిలిచేవాడు. "ఇదిగో" అంటే కుక్క వచ్చేది. అమ్మ వచ్చేది కాదు.

ఇక కుక్క సంగతి. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. కుక్కలకు ఆ నియమం లేదనుకుంటాను. వాడు దొంగ, పిరికివాడు, తిండిపోతు. ఈ మూడింట్లో ఏది ముందు అని అడిగితే, తిండిపోతు కాబట్టే దొంగ అయ్యాడు, దొంగ కాబట్టే పిరికివాడయ్యాడు అంటాను.

పత్తి తీసి వసారాలో పోస్తే కుప్ప మధ్యలో గుంట చేసుకుని పడుకునేవాడు. ఒకసారి కొనడానికి వచ్చిన ఆసామి గుప్పెడు పత్తి తీసి వెలుగులో పట్టి చూసి, ఈ గోధుమరంగు పీచేమిటని అడిగాడు. అమ్మ తడుముకోకుండా కొత్త విత్తనం అంది. ఆయన తలూపి, ఇంకో గుప్పెడు తీయబోయేసరికి కొత్త విత్తనం లేచి ఒళ్ళు విరుచుకుంది.

మిరపకాయలు ఎండబోసిన రోజుల్లో వాడికి ఇంటి వెనక కల్లంలో కాపలా ఉద్యోగం. మా ఇళ్ళల్లో చంటిపిల్లలు కూడా నడకొచ్చేసరికి ఆ ఘాటుకు అలవాటు పడతారు. వాడు పదమూడేళ్ళయినా పడలేదు. ఎర్రటి కాయల మధ్య పడుకోవడం, తుమ్మడం, తుమ్మిన ప్రతిసారీ ఎవరో వెనక నుంచి కొట్టినట్టు ఉలిక్కిపడి తిరిగి చూడడం. తాలుకాయలు ఏరే ఆడవాళ్ళు ముక్కులకు కొంగులు బిగించుకుని, వాడి తుమ్ములు లెక్కపెట్టుకుంటూ నవ్వుకునేవాళ్ళు. అమ్మ వాళ్ళను పని చూసుకోమని అరిచేది. ఆ కల్లంలోనే అమ్మ పాడేది కూడా. ఆడవాళ్ళు వెళ్ళాక ఒక్కతే కాయలు తిరగేస్తూ, చర్చిలో మానేసిన పాటలన్నీ పూర్తి గొంతుతో పాడేది. వినేది కుక్కా, మిరపకాయలూ. రెండింట్లో ఏదీ తగ్గించమనలేదు.

ఒక ఏడు మిట్టమధ్యాహ్నం అందరూ అన్నాలకు వెళ్ళినప్పుడు ఎవడో కల్లంలో దూరి గోతంలోకి కాయలు ఎత్తుకుంటున్నాడు. మా కుక్క వాణ్ణి తరిమికొట్టిందని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. జరిగింది నాకు తెలుసు. వీడు కాయల మీద కప్పే పట్టా కింద నిద్రపోతున్నాడు, వాడు చూసుకోకుండా తోక తొక్కాడు. ఇద్దరూ కెవ్వున అరిచి చెరో దిక్కుకూ పరిగెత్తారు. మావాడే ముందు ఇంటికి చేరాడు. వచ్చి మంచం కింద దూరి, సాయంత్రం పెరుగన్నం పెట్టేదాకా బయటికి రాలేదు.

పాస్టరు గారింట్లో ప్రభుభోజనానికి సిద్ధం చేసిన రొట్టె తిన్నది కూడా వాడే. ఆ అమ్మగారు మా గేటు దగ్గరికి వచ్చి మొత్తుకుంటే అమ్మ శ్రద్ధగా విని, బాప్తిస్మం తీసుకోకుండా తినడం తప్పేనని ఒప్పుకుంది. ఆదివారాలు వాడి విడిది సాయిబు గారి మాంసం కొట్టు. పెదకాకాని శివుడి ఊళ్ళో పుట్టి, పాస్టరు గారి రొట్టె తిని, సాయిబు గారి ఎముకలతో ఒళ్ళు చేశాడు. మా ఊళ్ళో అన్ని మతాలతోనూ సఖ్యంగా ఉన్నది వాడొక్కడే.

అమ్మ నాలుగేళ్ళ కిందట పోయింది. రెండో కోత నడుస్తోంది. గట్టు మీద నిలబడి ఎవరినో పిలవబోయి, పిలవకుండానే కూర్చుండిపోయిందట. గుండె. ముఠాలో ఆడవాళ్ళు అది చెప్పేటప్పుడు, మేస్త్రమ్మ పిలుపు మధ్యలో ఆగిపోవడం వాళ్ళు ఎప్పుడూ వినలేదు కాబట్టే అనుమానం వచ్చిందని చెప్పారు. నేను ఏడవలేదు. శవపెట్టె మాట్లాడాలి, షామియానా వేయించాలి, వచ్చినవాళ్ళకు టీలు అందించాలి, నాన్నకు మాత్ర వేయించాలి. అన్నీ అయ్యాక ఏడుద్దామనుకుంటే రాలేదు.

తర్వాత జ్ఞాపకార్థ కూడిక. మా వాళ్ళల్లో ఒక పద్ధతుంది. ఆ కూడికలో ఒక్కొక్కరూ లేచి మైకు పుచ్చుకుని పోయిన మనిషి గురించి సాక్ష్యం చెబుతారు. సాక్ష్యం అంటే చూసింది చూసినట్టు చెప్పడమని బడిలో పిల్లలకు నేనే చెబుతాను. అక్కడ మాత్రం పోయినవాడు తాగుబోతైతే దాహం గలవాడంటారు. పాస్టరు గారు మాస్టారి పేరు పిలిచారు, ఇంటిపేరుతో సహా. మాస్టారు లేచేలోపు మా కుక్క షామియానా కిందికి పరిగెత్తుకొచ్చి, కుర్చీల మధ్య నుంచి దారి చేసుకుని, అమ్మ ఫోటో ముందు నిలబడి తోకాడించింది. పిలిచారు కదా, వచ్చాడు పాపం. రెండు వందల మంది మనుషులు, ఒక్కరూ నవ్వలేదు. నాకు మాత్రం లోపల్నుంచి తన్నుకొచ్చి కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఏడుస్తున్నాననుకుని పక్కావిడ వీపు నిమిరింది.

మాస్టారు కుక్కను దాటుకుని వచ్చి మైకు అందుకున్నారు. సహోదరి మృదుభాషి అన్నారు. ఆవిడ గొంతు పెంచి మాట్లాడగా నేనెన్నడూ వినలేదు అన్నారు. జనం ఆమెన్ అన్నారు. నాకు ఒళ్ళు మండింది. అంతకుముందు చేసిన అవమానం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. బతికి ఉన్నప్పుడు గొంతు తగ్గించమన్నాడు, పోయాక ఏకంగా గొంతే తీసేశాడు. చివర్న నా వంతు వచ్చింది. లేచి ఉన్నదున్నట్టు చెబుదామనుకున్నాను. నోరు గలదండీ మా అమ్మ, ఆ నోటితోనే మమ్మల్ని పెంచింది, ఆ నోటినే మీరంతా నవ్వి మూయించారు అని. మైకు పట్టుకుని, "మా అమ్మ చాలా మంచిది, అందరికీ వందనాలు" అని చెప్పి కూర్చున్నాను. అబద్ధం చెప్పినవాళ్ళ జాబితాలో చివరి పేరు నాది.

అది నాలుగేళ్ళు నన్ను తొలిచింది. ఏ రోజైనా ఒక్కరి ముందైనా ఆ మాట సరిచేయాలని ఉండేది. ఎవరి ముందు? అమ్మ గురించి ఎవరితో మాట్లాడినా, మహాతల్లి, సాధుస్వభావి అని ముందే తలలూపేవాళ్ళు. అమ్మ కోపానికి ఇంట్లో మిగిలిన గుర్తు కుక్క ఒక్కటే. దాన్ని కూడా అమ్మ పెట్టిన పేరుతో పిలిచే ధైర్యం మాకు లేకపోయింది. నాన్న ఇదిగో అనేవాడు, నేను రేయ్ అనేదాన్ని. వాడు సగంసార్లు పలికేవాడు కాదు. ముసలివాడై చెవులు పోయాయనుకున్నాం.

ఆ నాలుగేళ్ళలో ఊరు కుక్కను కూడా బాగుచేయడం మొదలుపెట్టింది. వాడు రోజూ సమాధుల దొడ్డికి వెళ్ళి అమ్మ సమాధి పక్కన కూర్చుంటాడని కథ పుట్టింది. వెళ్ళేవాడు, నిజమే. సమాధుల దొడ్డి ప్రహరీ వెనకే సాయిబు గారు ఎముకలు పారేసే చోటు. గోడ కూలిన కంత అమ్మ సమాధికి రెండడుగుల్లో ఉంది. ఎముక పట్టుకుని కంతలోంచి వచ్చి, నీడ చూసుకుని కొరుక్కునేవాడు. ఎవరో ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు, కింద విశ్వాసానికి మారుపేరు అని రాసి, దణ్ణం పెడుతున్న చేతుల బొమ్మలు పన్నెండు తగిలించి. ఎముక కనిపించకుండా ఫోటో కోశారు. అమ్మ మృదుభాషి అయింది, కుక్క సాధువైంది. ఇక మిరపకాయ తియ్యగా ఉంటుందని చెప్పడమే మిగిలింది. ఎముక దొరకని రోజున కూడా వెళ్ళేవాడా అని అడిగితే మాత్రం నాకు తెలియదు. నేను బడిలో ఉండేదాన్ని.

మొన్న కోతల చివర్లో వాడు రెండు రోజులు తినలేదు. సాయిబు గారు విని స్వయంగా మెత్తటి ముక్కలు పొట్లం కట్టి పంపించారు. వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. అప్పుడు నాకు భయం వేసింది. మండలంలో పశువుల డాక్టరు గారు ప్రధానంగా గేదెల మనిషి. వాణ్ణి తడిమి, కళ్ళు చూసి, వయసైపోయిందమ్మా, ఇంటికి తీసుకెళ్ళి దగ్గర పెట్టుకోండి అన్నారు. ఆదివారం పొద్దున చర్చికి తయారై కల్లంలోకి వెళ్ళి చూస్తే, పట్టా అంచున, మిరపకాయల పక్కన చచ్చిపడి ఉన్నాడు. ముక్కు మీద రెండు గింజలు అంటుకుని ఉన్నాయి. తుమ్మలేదు. చాలాసేపు చూశాను.

నాన్న స్నానం చేసి, బైబిలు చంకలో పెట్టుకుని వచ్చాడు. వాడి పక్కన గొంతుక్కూర్చుని చెవి సవరించాడు. "ఈపూట గుడికి రానులే" అన్నాడు. అమ్మను మట్టి చేసిన మూడో రోజున వచ్చిన ఆదివారం కూడా మానని మనిషి.

ఎక్కడ పాతిపెట్టాలన్న దగ్గర ఇద్దరికీ మాటామాటా వచ్చింది. నేను కల్లం ఈశాన్యం మూల చూపించాను. ఈశాన్యంలో బరువు పెట్టకూడదన్నాడు నాన్న. మేం మూడు తరాలుగా క్రైస్తవులం. దేవుణ్ణి మార్చుకోగలిగాం గానీ వాస్తును మార్చుకోలేకపోయాం. చివరికి వాయవ్యంలో తవ్వడం మొదలుపెట్టాం. నల్లరేగడి వానకు వెన్నలా ఉంటుంది, ఎండకు ఇనుములా ఉంటుంది. పలుగు వేస్తే టంగుమంటోంది. డెబ్బై ఏళ్ళ నాన్న పది పోట్లు వేసి కూర్చుంటే, నేను పది వేసి కూర్చునేదాన్ని. రెండు గంటలు తవ్వితే మోకాలి లోతు వచ్చింది.

ఆరాధన అయ్యాక మాస్టారు వచ్చారు. ముందు వరసలో నాన్న కుర్చీ ఖాళీగా ఉంటే ఏమైందోనని వచ్చారట. అమ్మ పోయినప్పుడు జనంతో కలిసి రావడం తప్పిస్తే, పదమూడేళ్ళలో మా గేటు తీయడం అదే మొదలు. నాన్న కుక్క వైపు చెయ్యి చూపించాడు. మాస్టారు దాన్ని చూశారు. తెల్లచొక్కా విప్పి, మడతపెట్టి, మిరపకాయల బస్తా మీద పెట్టి, దాని మీద బైబిలు పెట్టి, బనీనుతో వచ్చి పలుగు అందుకున్నారు. లెక్కల మాస్టారికి పలుగు పట్టడం ఏం తెలుస్తుంది? మూడు పోట్లకే కాలి మీద వేసుకోబోయారు.

"అట్టా కాదురా పట్టుకునేది. ఎడం చెయ్యి కిందికి దించు" అన్నాడు నాన్న.

మాస్టారు ఎడం చెయ్యి కిందికి దించారు. ఆ 'రా' పదమూడేళ్ళ తర్వాత పడింది. ఇద్దరూ వంతులేసుకుని గుంట నడుం లోతు అయ్యేదాకా తవ్వుకున్నారు.

కొత్త గోతం పరిచి, వాణ్ణి చుట్టి దించాం. నాన్న తలగుడ్డ తీసి, ఏదన్నా చెప్పరా అని మాస్టారిని అడిగాడు. మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఎన్నో సమాధుల దగ్గర సాక్ష్యం చెప్పిన గొంతు అది. నాకు నాలుగేళ్ళ నాటి మంట మళ్ళీ లేచింది.

"మాస్టారూ, విశ్వాసం గిశ్వాసం అని మాత్రం చెప్పొద్దు" అన్నాను. "ఇది దొంగకుక్క. మీకు తెలుసు, నాకు తెలుసు."

ఆయన చేతికి అంటిన మట్టి దులుపుకున్నారు. మాట్లాడినప్పుడు అది మైకు గొంతు కాదు.

"మీ అమ్మ గురించి ఆ రోజు నేను చెప్పింది అబద్ధం, అమ్మాయ్. ఆవిడ నోరు ఊరంత. తొమ్మిదేళ్ళు రోజూ పొద్దున్నే నన్ను పేరు పెట్టి తిట్టింది. నేను దారి మార్చుకోవచ్చు. అవతలి వీధిలో నుంచి పోతే టీకొట్టు ఇంకా దగ్గర. ఎందుకు మార్చుకోలేదో తెలుసా? ఆ గొంతు వినపడేది అక్కడే. గుడిలో నేను మూయించానుగా. ప్రతి ఆదివారం పాట లేచినప్పుడల్లా వెనక వరస నుంచి వస్తుందేమోనని చెవి అటే పెట్టేవాణ్ణి. వెనక్కి తిరిగి ఒక్కమాట, పాడమ్మా అంటే పోయేది. నా వల్ల కాలేదు."

నేను సిద్ధం చేసి పెట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి. నాలుగేళ్ళలో పదును పెట్టినవి. ఒక్కటీ రాలేదు. ఆయన మీద కోపం పోయిందని కాదు. ఆ మాట వినాల్సిన మనిషి వినకుండా పోయింది కదా, నాకు చెబితే నేనేం చేసుకోను అనిపించింది. ఆయన్ను అనడానికి నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"ఆ రోజు నేనూ నవ్వాను మాస్టారూ. అమ్మ చూసింది."

నాన్న గుంటలోకి చూస్తూ నిలబడ్డాడు. తలగుడ్డ రెండు చేతులతో మెలిపెడుతున్నాడు.

"నేను కూడా నవ్వాను" అన్నాడు.

నాకు అది తెలియదు. నాన్న ఆ రోజు మగవాళ్ళ వైపు, నా వెనక ఎక్కడో ఉన్నాడు. తొమ్మిదేళ్ళు అమ్మ వండింది తింటూ, ఆ గొంతు వింటూ, ఆ సంగతి లోపల పెట్టుకుని తిరిగాడు. అమ్మకు తెలుసో లేదో అడగలేదు. ముగ్గురం గుంట చుట్టూ నిలబడి ఉన్నాం. మొత్తం నలుగురిలో ఆ రోజు నవ్వనివాడు గోతంలో ఉన్నవాడొక్కడే, అదీ అప్పటికి వాడింకా పుట్టలేదు కాబట్టి.

నాన్న మొదటి పార మట్టి వేశాడు. గోతం మీద రేగడి పెళ్ళ పడిన చప్పుడుకు నాకు ఏడుపు వచ్చింది. ఇంత కుక్క కోసం అంత ఏడుపేమిటని ప్రహరీ మీంచి పక్కింటివాళ్ళు తొంగిచూశారు. కుక్క కోసం కాదు. అమ్మ కోసం. పోయిన రోజు రానిది, కూడిక రోజు రానిది, నాలుగేళ్ళు ఎక్కడ దాక్కుందో అదంతా ఒక్కసారి వచ్చింది. నాకు అమ్మ గొంతే వచ్చిందని అప్పటిదాకా తెలియదు. బడిలో, ఇంట్లో, అంతటా అణుచుకుని మాట్లాడే మనిషిని. ఆ మధ్యాహ్నం నా ఏడుపు టీకొట్టు దాకా వినపడిందని తర్వాత చెప్పారు. మాస్టారు బనీనుతో అలాగే నిలబడి, తల వంచుకుని, చివరిదాకా విన్నారు. తగ్గించమని ఎవరూ అనలేదు.